జాజ్ వాళ్ళ బొమ్మలు విజయనగరంలో వేయాలంటే: ఏ రంగులు, ఏ ఫొటోలు, ఏ మేళం?

జాజ్ అంటే అమెరికాలో నల్లజాతివాళ్ళ మధ్య పుట్టిన, అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే సంగీతం. విజయనగరంలో జాజ్ క్లబ్బు లేదు. శ్రీకాకుళంలోనూ లేదు. అయినా ఈ రెండు ఊళ్ళలోనూ జాజ్ కళాకారుల బొమ్మలు వేయాలని సరదా పడేవాళ్ళు ఉన్నారు. ఫోన్లో ఎక్కడో ఒక నలుపు తెలుపు ఫొటో కనిపిస్తుంది. పొగలో నిలబడి, కళ్ళు మూసుకుని సాక్సఫోన్ ఊదుతున్న మనిషి. చూడగానే చెయ్యి ఊరుకోదు. ఆ తర్వాత మొదలవుతాయి సందేహాలు. బొగ్గుతో వేయాలా, రంగులతోనా? ఆయిలా, అక్రిలిక్కా? ఫొటో చూసి వేస్తే చాలా, వాయించేవాళ్ళని ఎదురుగా చూడాలా? చూడాలంటే ఎక్కడికి పోవాలి?

నా మాట ముందే చెప్పేస్తాను. ముఖం ఫొటోలోంచి తీసుకోండి, ఊపిరి మాత్రం మన పెళ్ళి బ్యాండు దగ్గర నేర్చుకోండి. సామాను సంగతికొస్తే మొదట బొగ్గు, దాని తర్వాత అక్రిలిక్. ఆయిల్ జోలికి ఇప్పుడే వద్దు. మీ ఇల్లు, మీ ఓపిక, మీ చేతిలో ఉండే టైము వేరైతే ఈ వరస మారొచ్చు. ఎక్కడ మారుతుందో కూడా చెబుతాను.

మొదటి బొమ్మ ఎవరిది

చాలామంది ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్‌నో (1926–1991), సాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్‌నో (1926–1967) మొదట పట్టుకుంటారు. ఇద్దరూ కష్టమే. కోల్ట్రేన్ వాయిస్తున్నప్పుడు ముఖంలో నాటకం పెద్దగా ఉండదు. ఉన్నదంతా మూసిన కళ్ళలో, కనుబొమ్మల మధ్య చిన్న ముడిలో ఉంటుంది. ఆ ముడి ఒక్క మిల్లీమీటరు తప్పిందంటే ధ్యానంలో ఉన్న మనిషి కాస్తా తలనొప్పితో ఉన్న మనిషి అయిపోతాడు.

మొదటి బొమ్మకి ఆకారంలోనే ఆనవాలు ఉన్నవాళ్ళు మేలు. లెస్టర్ యంగ్ (1909–1959) నెత్తిన చదునైన చిన్న టోపీ పెట్టుకుని, టెనర్ సాక్సఫోన్‌ని పక్కకి ఎత్తి, ఒక్కోసారి నేలకి దాదాపు సమాంతరంగా పట్టుకునేవాడు. కళ్ళూ ముక్కూ లేకుండా నల్లటి నీడగా వేసినా ఎవరో తెలిసిపోతుంది. డిజ్జీ గిలెస్పీ (1917–1993) ఇంకా సులువు. ఊదేటప్పుడు బుగ్గలే కాదు, మెడ కూడా ఉబ్బేది. 1953లో న్యూయార్క్‌లో ఒక పార్టీలో స్టాండు మీద పెట్టిన అతని ట్రంపెట్ మీద ఎవరో పడితే శబ్దం బయటికొచ్చే దాని మూతి పైకి వంగిపోయింది. వంగిన తర్వాతే శబ్దం తన చెవికి బాగా అందుతోందని, ఆపైన కావాలనే అలాంటివి చేయించుకున్నాడు. ఆ ఒంపు ఇంచుమించు 45 డిగ్రీలు. బుగ్గలూ ఒంపూ కుదిరితే ముక్కు కాస్త అటూ ఇటూ అయినా పోలిక పోదు.

ట్రంపెట్ వాయిస్తూ పాడే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ (1901–1971) బొమ్మకి ఒక వెసులుబాటు ఉంది. చెమట తుడుచుకోవడానికి చేతిలో తెల్ల రుమాలు ఉండేది కాబట్టి, చీకటి బొమ్మ మధ్యలో తెల్లటి వెలుగు అడక్కుండానే దొరుకుతుంది. గాయని బిల్లీ హాలిడే (1915–1959) తలలో తెల్లటి గార్డెనియా పువ్వు పెట్టుకునేది. ఇది మన పెరట్లో పూసే గంధరాజమే. ఫొటోలో పువ్వు తెల్లటి మచ్చలా కనిపిస్తుంది, రేకులు అర్థం కావు. ఒక పువ్వు కోసి గ్లాసులో పెట్టుకుని చూసి వేయండి. పొద్దున తెల్లగా ఉన్న రేకు సాయంత్రానికి అంచుల్లో పసుపు తిరుగుతుంది. ఆ పసుపు కాస్త తగిలిస్తే, పాట అర్ధరాత్రి దాకా సాగిందన్న సంగతి బొమ్మలోకి వచ్చేస్తుంది.

పియానో వాళ్ళని వేస్తే పెదవుల గొడవ ఉండదు. కానీ పక్కనుంచి చూసినప్పుడు పియానో కొలతలు ప్రాణం తీస్తాయి. ముందు నుంచి కనిపించే ఫొటో దొరికితేనే దిగండి. ఇంకొక మాట, రంగులతో వేసేవాళ్ళకి. చార్లీ పార్కర్ 1953లో టొరంటో కచేరీలో వాయించింది ఇత్తడి సాక్సఫోన్ కాదు, మీగడ రంగు ప్లాస్టిక్‌ది. ఆ కచేరీ బొమ్మ అని కింద రాసి, పైన బంగారు రంగు పూస్తే తెలిసినవాళ్ళు నవ్వుతారు.

ఏ ఫొటో తీసుకోవాలి

గూగుల్‌లో మొదట కనిపించింది తీసుకోవడం కంటే విలియం గాట్లీబ్ ఫొటోలు వెతకడం మంచిది. 1938 నుంచి 1948 వరకు ఆయన న్యూయార్క్, వాషింగ్టన్‌లలో జాజ్ వాళ్ళని దగ్గరుండి ఫొటోలు తీశాడు. 1,600కి పైగా ఉన్న ఆ సేకరణ అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దగ్గర ఉంది. ఆయన కోరిక ప్రకారమే 2010 ఫిబ్రవరి నుంచి ఆ ఫొటోల మీద కాపీరైట్ లేదు. పెద్ద సైజులో డౌన్‌లోడ్ అవుతాయి, కనురెప్పలు కూడా లెక్కపెట్టొచ్చు. బొమ్మ వేసి అమ్ముకోవాలని ఉన్నా, ఎగ్జిబిషన్‌లో పెట్టాలని ఉన్నా ఫొటో హక్కుల టెన్షన్ ఉండదు.

దీనికి పోటీ హెర్మన్ లెనర్డ్ ఫొటోలు. సిగరెట్ పొగ, వెనక నుంచి లైటు, జాజ్ అనగానే మన కళ్ళ ముందు మెదిలే దృశ్యం చాలావరకు ఆయన తీసిందే. బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల కంపెనీ అట్టల మీది ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఫొటోలు కూడా అంతే అందంగా ఉంటాయి. వాటికి హక్కుదారులున్నారు. ఇంట్లో చెయ్యి తిప్పుకోవడానికి వాడుకోండి, అమ్మకానికి మాత్రం వద్దు. నా దృష్టిలో నేర్చుకోవడానికి కూడా గాట్లీబే నయం. లెనర్డ్ ఫొటోలో పొగే సగం పని చేసేస్తుంది, మనం పొగని కాపీ కొడుతూ కూర్చుంటాం. గాట్లీబ్ ఫొటోల్లో చాలావాటిలో ఫ్లాష్ వెలుగు తిన్నగా ముఖం మీద పడుతుంది కాబట్టి ఎముక ఎక్కడుందో, కండ ఎక్కడుందో తెలుస్తుంది.

ఫొటో ఏదైనా, అది తిరగబడి ఉందేమో ముందు చూసుకోండి. ఇంటర్నెట్లో అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారిపోయినవి బోలెడు తిరుగుతుంటాయి. సాక్సఫోన్, క్లారినెట్ పట్టుకున్నప్పుడు ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద ఉండాలి. ట్రంపెట్ మీద ఉండే మూడు మీటల్ని నొక్కేది కుడి చెయ్యి. మగవాళ్ళ కోటు ఎడమ వైపు అంచు పైకి వచ్చి బొత్తాలు పడతాయి. ఈ మూడింటిలో ఏది తేడా కొట్టినా ఫొటోని తిప్పుకుని మొదలుపెట్టండి.

గిటార్ వాళ్ళలో జాంగో రీన్‌హార్ట్‌ది వేరే కథ. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమ చెయ్యి కాలి, చిటికెన వేలు, ఉంగరపు వేలు ముడుచుకుపోయాయి. మిగిలిన రెండు వేళ్ళతోనే గిటార్ మెట్ల మీద అంత వేగంగా పరిగెత్తాడు. ఆ చెయ్యి చూసి ఫొటో సరిగా రాలేదనుకుని నాలుగు వేళ్ళూ చక్కగా చాపి వేసేవాళ్ళు ఉంటారు. ఆ దిద్దుబాటుతో జాంగో కాస్తా ఇంకెవరో అయిపోతాడు.

బొగ్గు, నీటి రంగులు, అక్రిలిక్, ఆయిల్

బొగ్గు మొదట ఎందుకంటే, మనకి దొరికే మంచి ఫొటోలు ఎక్కువగా నలుపు తెలుపువి. రంగుల్లో వేస్తే కోటు రంగు, గోడ రంగు, లైటు రంగు అన్నీ ఊహించుకోవాలి. బొగ్గుతో ఆ బాధ లేదు. పైగా క్లబ్బు వాతావరణానికి అది సరిగ్గా సరిపోతుంది. నేను చెప్పే పద్ధతి ఇది. దళసరి కార్ట్రిడ్జ్ కాగితం మొత్తానికి మెత్తటి బొగ్గు పూసి, పాత బనియను గుడ్డతో రుద్దండి. కాగితం అంతా బూడిద రంగు చీకటి అవుతుంది. ఇప్పుడు పిండిలా నలిగే రబ్బరుతో వెలుగు తీయండి. నుదురు మీద ఒక తుడుపు, ముక్కు దూలం మీద ఒక గీత, సాక్సఫోన్ అంచున సన్నటి మెరుపు. మనిషి చీకట్లోంచి బయటికి వస్తాడు. చివర్లో గట్టి బొగ్గు కడ్డీతో ముక్కు రంధ్రాలు, టోపీ కింద నీడ, కోటు మెడ పట్టీ దగ్గర నలుపు దించండి. మొదట గీతలు గీసి తర్వాత నింపే అలవాటున్నవాళ్ళకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది, రెండు కాగితాలు పాడయ్యాక దారిలో పడుతుంది.

బొగ్గుకి శత్రువులు రెండు. ఒకటి ఫ్యాను, రెండోది మన సముద్రపు తేమ. పని చేసేటప్పుడు ఫ్యాను ఆపాలి. మే నెలలో అది శిక్షే కాబట్టి తెల్లవారుజామున కూర్చోండి. పూర్తయ్యాక బొగ్గు రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే డాబా మీద కొట్టండి, గదిలో వద్దు. దాచేటప్పుడు మధ్యలో బటర్ పేపరు వేయండి. వానాకాలంలో బయట గోడకి ఆనించిన కాగితానికి వెనక బూజు పడుతుంది, ముందు వైపు కనబడేసరికి ఆలస్యం అయిపోతుంది. ఫ్రేము కట్టిస్తే అద్దానికీ బొమ్మకీ మధ్య అట్ట మార్జిన్ ఉండాలని కట్టేవాడికి చెప్పి మరీ చేయించండి. లేదంటే బొగ్గు పోయి అద్దానికి అంటుకుంటుంది.

నీటి రంగుల్ని నేను పోర్ట్రెయిట్‌కి సిఫారసు చేయను. బయట కూర్చుని గబగబా వేసే స్కెచ్చులకైతే వాటిని మించింది లేదు. 300 జీఎస్ఎం దళసరి కాగితం ముక్కలు, చిన్న పెట్టె, నీళ్ళ సీసా ఉంటే చాలు. ఇత్తడి మెరుపు నీటి రంగుల్లో అద్భుతంగా వస్తుంది, కాగితపు తెలుపునే వదిలేస్తాం కాబట్టి. చిక్కంతా ముదురు చర్మంతో వస్తుంది. నీటి రంగు ఆరాక తేలిపోతుంది, అందుకని పొర మీద పొర వేయాలి. నాలుగో పొరకి కింది పొర కదిలి ముఖం బురద అవుతుంది.

అసలు తగువు అక్రిలిక్‌కీ ఆయిల్‌కీ మధ్యే. ఆయిల్ వేసేవాళ్ళు చెప్పే మాట నిజమే. చెంప నుంచి దవడ నీడలోకి రంగు జారినట్టు కలిసిపోవడం ఆయిల్‌లో వచ్చినంత మెత్తగా ఇంకెందులోనూ రాదు. ఆయిల్ రంగు నీళ్ళు ఆవిరై ఆరేది కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడేది. పల్చటి పొరకే రోజులు పడుతుంది, దళసరిగా వేస్తే వారాలు. అన్ని రంగులూ ఒకేలా ఆరవు కూడా. అంబర్ అనే గోధుమ రంగు తొందరగా ఆరుతుంది, ఐవరీ బ్లాక్ అనే నలుపు సతాయిస్తుంది. జాజ్ బొమ్మలో సగానికి పైగా ముదురు నేపథ్యమే. కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ ఉండాలన్న నియమం తప్పితే తర్వాత పగుళ్ళు వస్తాయి. చివరి వార్నిష్‌కి మామూలుగా ఆరు నెలలైనా ఆగాలి. వీటన్నిటి మీద టర్పెంటైన్ వాసన. రెండు గదుల అద్దె ఇంట్లో పిల్లలతో ఉండేవాళ్ళకి ఇది కుదిరే పని కాదు. విడిగా గది ఉండి, కిటికీలు ఉండి, ఒక బొమ్మని రెండు నెలలు చూస్తూ కూర్చునే స్వభావం ఉంటే మాత్రం నా మాట పక్కన పెట్టి ఆయిల్‌కే వెళ్ళండి.

అక్రిలిక్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. మన ఎండాకాలంలో రంగు కుంచె మీదే ఆరిపోతుంది. పళ్ళెంలో తడి గుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపరు వేసి రంగులు పెట్టుకుంటే గంటల తరబడి మెత్తగా ఉంటాయి. చిన్న స్ప్రే సీసాతో అప్పుడప్పుడు నీళ్ళు చిలకరించాలి. రిటార్డర్ అని ఒక ద్రవం అమ్ముతారు, కొద్దిగా కలిపితే ఆరడం ఆలస్యమవుతుంది. ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది, అక్రిలిక్ ఆరాక ఒక ఛాయ ముదురుతుంది. ముదురు ముఖం, ముదురు గోడ రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు ఆ ఒక్క ఛాయకే తల గోడలో కలిసిపోతుంది. అందుకే ముందు వేరే కాగితం మీద పూసి, ఆరనిచ్చి చూసుకోవాలి. ఇంత చెప్పినా నా ఓటు అక్రిలిక్‌కే. తప్పు వస్తే అరగంటలో దాని మీదే మళ్ళీ వేయొచ్చు, నేర్చుకునేవాళ్ళకి అంతకంటే కావలసింది లేదు.

ట్యాబ్ మీద డిజిటల్‌గా వేయడం సంగతి ఒక్క ముక్కలో: ఇప్పటికే ట్యాబ్ ఉంటే రంగుల ప్రయోగాలకి వాడుకోండి, ఈ పని కోసమే కొనకండి.

చర్మం రంగు

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన దగ్గర పోర్ట్రెయిట్లు వేసేవాళ్ళకి పాత ఫొటో స్టూడియోల కాలం నుంచి ఒక అలవాటు ఉంది. మనిషిని రెండు ఛాయలు తెల్లబరిచి వేయడం. ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారని అలా చేసేవారు. ఆ అలవాటు ఆర్మ్‌స్ట్రాంగ్ ముఖం మీద చూపిస్తే బొమ్మ చచ్చిపోతుంది. దానికి భయపడి ట్యూబులోని నలుపు వాడితే ఇంకో రకంగా చచ్చిపోతుంది, ముఖం మసి పూసినట్టు అవుతుంది. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియన్నా అనే ఎర్రటి గోధుమ రంగు కలిపితే లోతైన ముదురు రంగు వస్తుంది. నీలం ఎక్కువైతే చల్లటి నీడ, సియన్నా ఎక్కువైతే వెచ్చటి నీడ. ఈ ఒక్క జంటతోనే ముఖంలో మూడొంతులు పూర్తవుతుంది.

మెరుపు దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. తెలుపు పెట్టేస్తారు. రాత్రి ఊరేగింపులో బ్యాండు మేస్త్రీ నుదురు ఒకసారి చూడండి. ఎండన పడి తిరిగిన నల్లటి నుదురు, దాని మీద చెమట, ఆ చెమట మీద ఎల్ఈడీ లైటు. మెరుపు నీలంగా ఉంటుంది. అదే మనిషి పసుపు బల్బు కిందికి రాగానే అక్కడే నారింజ రంగు తేలుతుంది. తెలుపన్నది నుదుటి మధ్యలో, ముక్కు కొసన గోరంత చోటులో మాత్రమే ఉంటుంది.

ఇత్తడికి ఇంట్లోనే గురువు ఉంది. బాగా తోమిన ఇత్తడి చెంబు కిటికీ పక్కన పెట్టి రెండు మూడు సార్లు వేయండి. పసుపు అని మనం అనుకునేది అందులో చాలా తక్కువ. ముదురు గోధుమ రంగు పట్టీ, దాని పక్కనే దాదాపు తెల్లటి గీత, మధ్యలో కొద్దిగా ఎల్లో ఆకర్ అనే మట్టి పసుపు, అంచున కిటికీ ఆకాశం నీలం, కింద మీ చొక్కా రంగు. సాక్సఫోన్ మూతి వేసేటప్పుడు వాయించే మనిషి కోటు రంగు అందులో కనబడాలి. బంగారు రంగు ట్యూబు కొనకండి. అది పక్కనుంచి చూస్తే మెరిసి, ఎదురుగా చూస్తే మట్టిలా ఉంటుంది.

ఊళ్ళో ఎవరి దగ్గర కూర్చోవాలి

ఫొటో చూసి ముఖం వస్తుంది గానీ, ఊదడం రాదు. సాక్సఫోన్ నోట్లో పెట్టుకున్నప్పుడు పై పళ్ళు మౌత్‌పీస్ మీద ఆనతాయి, కింది పెదవి కింది పళ్ళ మీదికి మడత పడుతుంది, గడ్డం కండ చదునుగా బిగుసుకుంటుంది. ఇది చదివితే బుర్రకెక్కదు, చూడాలి. చూడటానికి విమానం ఎక్కక్కర్లేదు. జాజ్‌లో ఉన్న క్లారినెట్, సాక్సఫోన్, ట్రంపెట్, డ్రమ్ములు మన పెళ్ళి బ్యాండులోనూ ఉన్నాయి. వాయించేది సినిమా పాట కావచ్చు, ఊపిరి మాత్రం అదే ఊపిరి.

ఎదురుకోలు దగ్గర బ్యాండు ఒకచోట నిలబడి వాయిస్తుంది, స్కెచ్చుకి అదే మంచి టైము. ఊరేగింపులో మీరూ నడవాలి, గీత వణుకుతుంది. క్లారినెట్ మనిషిని చూడండి. పాట మొదలుపెట్టే ముందు రీడుని, అంటే నోట్లో పెట్టుకునే చోట ఉండే పల్చటి బద్దని, నాలుకతో తడుపుతాడు. పెదవుల్ని లోపలికి మడిచి, భుజాలు ఒక్కసారి లేపి దించుతాడు. ఆ దించిన క్షణంలో ముఖం మొత్తం సిద్ధంగా ఉంటుంది, ఇంకా శబ్దం రాదు. బొమ్మకి ఆ క్షణమే కావాలి. ఊదుతున్నప్పుడు ముఖం బిగుసుకుని అందరూ ఒకేలా ఉంటారు, ఊదబోయే ముందు ఎవరి ముఖం వారిది. ట్రంపెట్ వాళ్ళని గమనిస్తే ఇంకొకటి తెలుస్తుంది. పద్ధతిగా నేర్చుకున్నవాళ్ళు బుగ్గలు ఉబ్బించరు, పెదవుల చివర్లు బిగించి ఊదుతారు. గిలెస్పీ బుగ్గలు అందరికీ పెట్టకూడదు.

ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "ఏటి బాబూ, పెళ్ళికొడుకుని ఒగ్గీసి నా బొమ్మ గీస్తన్నావేటి?" అని. చూపించండి. నచ్చితే పక్కకొచ్చి నిలబడతాడు. పెళ్ళివారి అనుమతి ముందే తీసుకోవాలి, ఆడవాళ్ళ వైపు పుస్తకం తిప్పకూడదు. తీరిగ్గా కూర్చోబెట్టి వేయాలంటే మూఢం రోజులు, ఆషాఢం చూసుకోండి. ముహూర్తాలు ఉండవు, బ్యాండు వాళ్ళు ఖాళీగా ఉంటారు. అప్పుడు గంటో రెండు గంటలో కూర్చోమని అడగొచ్చు. అడిగినప్పుడు టీ నీళ్ళతో సరిపెట్టకుండా పూట కూలి ఇవ్వాలి. వాళ్ళకి చేతిలో డబ్బు ఆడని రోజులవి.

నిలకడగా కూర్చున్న మనుషులే కావాలంటే కచేరీలు మేలు. ఈ విషయంలో విజయనగరానికి శ్రీకాకుళం కంటే ఒక మెట్టు ఎక్కువ ఇవ్వాలి, కారణం సంగీత కళాశాల. 1919లో పూసపాటి విజయరామ గజపతి పెట్టించిన కళాశాల అది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, వయొలిన్ నేర్పింది ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల చదివింది అక్కడే. ఊళ్ళో త్యాగరాజ ఆరాధన రోజుల్లో, ఆనంద గజపతి ఆడిటోరియంలో కచేరీలున్నప్పుడు రెండో వరసలో పక్కగా కూర్చుంటే చాలు. వెలుగు మారదు, మనుషులు లేవరు. శ్రీకాకుళం వాళ్ళకి బాపూజీ కళామందిర్ ఉంది, కార్యక్రమాలు చూసుకుని వెళ్ళాలి.

కచేరీలో పాడేవారి ముఖం కంటే పక్కవాయిద్యం వారి ముఖం వేయండి. గాయకుడు కల్పనస్వరాలు అందుకోగానే వయొలిన్ మనిషి తల కాస్త పక్కకి వంచి, కళ్ళు ఎక్కడో పెట్టి వింటాడు. తర్వాత తను అందుకోవాలి, ఏం వస్తుందో ముందు తెలియదు. జాజ్‌లోనూ ఇదే జరుగుతుంది. ఒకరు సోలో వాయిస్తుంటే మిగతావాళ్ళు వింటూ తమ వంతు కోసం కాచుకుని ఉంటారు. ఆ వినే ముఖం వేయడం వస్తే జాజ్ బొమ్మ వచ్చినట్టే. మన సంగీతంలోని ఈ అప్పటికప్పుడు అల్లుకునే గుణమే కోల్ట్రేన్‌ని ఇటువైపు లాగింది, పండిట్ రవిశంకర్ మీద అభిమానంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కచేరీలో చూసిన కూర్చునే తీరుని జాజ్ బొమ్మలోకి దించకండి. మన వయొలిన్ విద్వాంసుడు కింద కూర్చుని, వయొలిన్ చివరని పాదం మీద ఆనించుకుంటాడు. జాజ్ వయొలిన్ వాయించే స్టెఫాన్ గ్రాపెల్లీ (1908–1997) దాన్ని గడ్డం కింద పెట్టుకుని వాయించేవాడు. భుజం, మెడ, మోచెయ్యి కోణాలన్నీ మారిపోతాయి. కద్రి గోపాలనాథ్ (1949–2019) సాక్సఫోన్‌ని కర్ణాటక కచేరీ వేదిక మీద కింద కూర్చునే వాయించారు. ఆయన బొమ్మే వేస్తానంటే అంతకంటే మంచి ఆలోచన ఉండదు. జాజ్ మీది ఇష్టం, మన కచేరీ రెండూ ఒకే మనిషిలో దొరుకుతాయి.

గుడిలో సన్నాయి మేళం కూడా బాగుంటుంది, కాకపోతే దర్శనం లైన్లలో నిలబడి గీయడం కుదరదు. తప్పెటగుళ్ళు ముఖాల కోసం వెళ్ళాల్సింది కాదు. ఒళ్ళంతా ఎగురుతుంది, గుండె మీద తప్పెట మోగుతుంది, ఆ కదలిక మీద మోజుంటే పది సెకన్ల స్కెచ్చులకి పుస్తకాలు నిండిపోతాయి.

నిజం జాజ్ వినాలంటే

విశాఖపట్నం దగ్గరే కదా అని చాలామంది అక్కడి హోటళ్ళ వైపు చూస్తారు. లైవ్ మ్యూజిక్ అని బోర్డు ఉంటుంది, వెళ్తే కీబోర్డు, ట్రాకు, దాని మీద సినిమా పాటలు. సరదాగా భోజనం చేయడానికి సరే, బొమ్మకి పనికిరాదు. బయల్దేరే ముందు ఫోన్ చేసి సాక్సఫోన్ గానీ ట్రంపెట్ గానీ ఉందా, వాయిద్యాలన్నీ మనుషులే వాయిస్తారా అని అడగండి. రెండింటికీ అవునంటేనే వెళ్ళండి.

కొంచెం ఖర్చుకి సిద్ధపడితే హైదరాబాద్ కంటే కోల్‌కతా నయమని నా అభిప్రాయం. మనం హౌరా లైను మీదే ఉన్నాం, రాత్రి రైలెక్కితే సరిపోతుంది. పార్క్ స్ట్రీట్ రెస్టారెంట్లలో లైవ్ సంగీతం 1960లకి ముందు నుంచీ ఉన్న ఆనవాయితీ. జాజ్ పియానిస్టులు డేవ్ బ్రూబెక్ 1958లో, డ్యూక్ ఎల్లింగ్టన్ 1963లో మన దేశానికి వచ్చి పెద్ద నగరాల్లో వాయించి వెళ్ళారు. కోల్‌కతా, ముంబైలలో జాజ్ వినే చెవులు అంతకు ముందు నుంచే ఉన్నాయి. వెళ్తే శీతాకాలంలో వెళ్ళండి. చీకట్లో కాగితం కనబడదు కాబట్టి నల్ల పెన్ను, చేతిలో పట్టేంత పుస్తకం చాలు. ఫోన్ లైటు వేస్తే పక్కవాళ్ళు తిడతారు, న్యాయమే.

యునెస్కో ఏప్రిల్ 30ని అంతర్జాతీయ జాజ్ దినంగా ప్రకటించింది, 2012 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు చుట్టుపక్కల పెద్ద నగరాల్లో కార్యక్రమాలు ఏమైనా పడుతున్నాయేమో చూసుకుంటే ఒక ప్రయాణానికి ముహూర్తం కుదురుతుంది. కాకపోతే మూఢం అడ్డురాని ఏడాదిలో అవి మన దగ్గర పెళ్ళిళ్ళు ముమ్మరంగా ఉండే రోజులు కూడా. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్ళు రెండింటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే ఊళ్ళోనే ఉండి బ్యాండు వెనక తిరగడం, టికెట్టు డబ్బులు మంచి కాగితానికి పెట్టడం మేలు. పది మంది ముఖాలు పోలికతో వేయగలిగిన తర్వాత అయితే కోల్‌కతా టికెట్టు ముందే రిజర్వు చేయించుకోండి, వేసవి సెలవుల రద్దీలో బెర్తు దొరకదు.